క్రీడోత్సవములును నగరముల ఋణములును

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పుదురు. ఈ రెండు కార్యములలో దేనికి పూనుకొన్నను, ముందు వేసికొనిన లెక్క తప్పక తప్పునని ఆ సామెతకు తాత్పర్యము. అయినను ఈ రెంటికిని ఒక భేదము కలదు. ఇల్లు కట్టువాడు చేతిలో సొమ్ము చాలనిచో గోడలు లేపి ఆపవచ్చును. పైకప్పు వచ్చే పంటకు వేసికొనవచ్చును. పెండ్లి చేయువాని కట్టి వెసులుబాటు లేదు. ముహూర్తము నిశ్చయమైన పిదప బియ్యము ధర పెరిగినను కొనవలసినదే. పందిరి వేయువాడు రెట్టింపు అడిగినను ఇయ్యవలసినదే. ఇక నొకడు ఇల్లును కట్టుచు, ఆ యింటిలోనే, ఆ ముహూర్తమునకే పెండ్లియు చేయ తలపెట్టినచో వాని గతి యెట్లుండును? ప్రపంచ క్రీడోత్సవములను తన యింటికి పిలుచుకొను నగరము సరిగా నీ స్థితిలోనే యుండును.

అట్టి మహోత్సవమునకు ఆతిథ్యమిచ్చిన నగరమునకు లాభమా, నష్టమా యనునది నేటి ప్రసంగమునకు విషయము. పల్లెలయందుండు మనకీ ప్రశ్నతో నేమి పని యని కొందరు పెద్దలనుకొనవచ్చును. పని యున్నదని నా మనవి. నేను చెప్పబోవు వృత్తాంతములో పండుగ జరిగినది నగరమున; ఆ యప్పును తీర్చినవారిలో ఆ పండుగను కంట జూడని పల్లెవారును గలరు. అంతియకాదు. 2036వ సంవత్సరపు ఒలింపిక క్రీడలను తమ కిమ్మని కోరుచు, భారత ఒలింపిక సంఘము 2024 అక్టోబరులో అంతర్జాతీయ సంఘమునకు పత్రము పంపియున్నది. కావున ఇతరులకు కలిగిన అనుభవమును ముందుగానే తెలిసికొనుట మనకు మేలు.

ఒలింపిక క్రీడలు నాలుగేండ్ల కొకసారి జరుగును. ఏ నగరమున జరుగవలెనో అనేక సంవత్సరములకు ముందే నిర్ణయింపబడును. ఆ నగరమునకు రెండు విధములైన వ్యయములుండును. మొదటిది ఆటలు నడుపు వ్యయము: వచ్చినవారికి బస, భోజనము, రాకపోకలు, కాపలా, న్యాయనిర్ణేతలు మొదలగునవి. ఇది పెండ్లి ఖర్చు వంటిది. రెండవది కట్టడముల వ్యయము: క్రీడారంగములు, ఈత కొలనులు, క్రీడాకారులకు నివాసములు, రహదారులు. ఇది ఇంటి ఖర్చు వంటిది. ఆదాయమో, ప్రవేశపు చీట్ల వలనను, ఆటలను ప్రసారము చేయు హక్కులను అమ్ముటవలనను, వ్యాపార సంస్థల ప్రకటనల వలనను వచ్చును. సామాన్యముగ నీ యాదాయము పెండ్లి ఖర్చునకు సరిపోవచ్చును. ఇంటి ఖర్చు చాలవరకు నగరము మీదనో, ప్రభుత్వము మీదనో పడును. వార్తలలో "క్రీడలకు లాభము వచ్చినది" అని చదివినపుడు, అది ఏ లెక్కను గూర్చి చెప్పిన మాటయో ముందుగా అడుగవలెను.

ఇక వృత్తాంతమునకు వత్తును. కెనడా దేశమున క్విబెక్ అను రాష్ట్రమున్నది. అచటి ప్రజలలో అధికసంఖ్యాకులు ఫ్రెంచి భాష మాట్లాడువారు. ఆ రాష్ట్రములో సెంట్ లారెన్సు నది నడుమ నొక దీవిపై వెలసినది మాంట్రియల్ మహానగరము. దానికి నగరాధ్యక్షుడుగ చిరకాలము జాన్ డ్రాపో అను నాయన యుండెను. ఆయన కార్యవాది, వాగ్మి, పట్టుదల గలవాడు. 1967వ సంవత్సరమున మాంట్రియల్ నగరమున ప్రపంచ ప్రదర్శనమును జరిపి, సుమారు 5 కోట్ల మంది సందర్శకులను రప్పించి, దేశమంతట కీర్తి గడించెను. ఒక శుభకార్యము బాగుగ జరిపించినవానికి రెండవదానిపై బుద్ధి పోవుట సహజము. 1976వ సంవత్సరపు ఒలింపిక క్రీడలను గూడ తన నగరమునకు తీసికొని రావలెనని ఆయన ప్రయత్నించెను. మాస్కో, లాస్ ఏంజిలీస్ నగరములు పోటీ పడినను, 1970 మే నెలలో ఆ గౌరవము మాంట్రియల్‌కే లభించెను.

అప్పుడు ప్రజలకు చెప్పిన మాట యేమనగా, ఇవి నిరాడంబరమైన క్రీడలు, తమ ఖర్చును తామే సంపాదించుకొనునని. స్మారక నాణెములు, తపాలా బిళ్లలు, లాటరీ చీట్లు అమ్మి ధనము కూర్చెదమనిరి. తరువాత ప్రకటించిన లెక్కలో మొత్తము వ్యయము 31 కోట్ల డాలర్లు. ప్రధాన క్రీడారంగమునకు మొదట వేసిన అంచనా 13 కోట్ల 40 లక్షల డాలర్లు. లోటు వచ్చునేమో యని పత్రికలవారడుగగా, మగవాడు బిడ్డను కనిననే ఒలింపిక క్రీడలకు లోటు వచ్చునని డ్రాపోగారు సెలవిచ్చిరి. ఈ మాట ఆయనను జీవితాంతము వెన్నాడినది. పిదప ఒక వ్యంగ్యచిత్రకారుడు ఆయనను గర్భవతిగ చిత్రించి దేశమునంతను నవ్వించెను.

క్రీడారంగమును రూపొందించుటకు ఫ్రాన్సు దేశపు వాస్తుశిల్పి రోజే తయిబేర్ నియుక్తుడయ్యెను. ఆయన ఊహ అద్భుతమైనది. గుండ్రని మహారంగము, దాని ప్రక్కనుండి వంగి పైకిలేచిన 165 మీటర్ల గోపురము, ఆ గోపురమునుండి ఇనుప త్రాళ్లతో వ్రేలాడుచు, వలసినపుడు గొడుగువలె ముడుచుకొను పైకప్పు. అంతవరకు అట్టిదానిని ఎవరును కట్టి యుండలేదు. ఎవరును కట్టని దానిని కట్టునపుడు, దాని కెంతయగునో చెప్పగలవారును ఉండరు. ఈ చిన్న సత్యమును అప్పుడు ఎవరును పాటింపలేదు.

ఆలోచనలలోను, చిత్తుపటములలోను మూడేండ్లు గడచినవి. నేల త్రవ్వుట 1973లో గాని మొదలు కాలేదు. ఆ సంవత్సరముననే ప్రపంచమంతట చమురు ధర పెరిగి, దానితో ఇనుము, సిమెంటు మొదలగు సమస్త వస్తువుల ధరలును పెరిగినవి. ఇది డ్రాపోగారి తప్పు కాదు. పిదప కూలీలు పెక్కుమార్లు సమ్మె చేసిరి. కెనడాలో చలికాలము మిక్కిలి కఠినమైనది. ఆ చలిలో కాంక్రీటు పని సాగించుటకు అదనపు వ్యయము. పనిలో తొందర హెచ్చినకొలది ప్రమాదములును హెచ్చినవి. కట్టడముల వద్ద పదిమందికి పైగా కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. ఆ మరణములు ఏ ఆయవ్యయ పట్టికలోను కానరావు.

ఇచటనే ముహూర్తపు సంగతి వచ్చును. 1976 జూలై 17వ తేదీన క్రీడలు ఆరంభము కావలెను. ఆ దినము ఒక్క గడియయైనను జరుగదు. ఇది గుత్తదారునికిని తెలియును, కూలిసంఘమునకును తెలియును, యంత్రములు అద్దెకిచ్చువానికిని తెలియును. మామూలు దినములలో ధర యెక్కువయైనచో "మరియొకనిని చూచుకొందుము" అని యజమాని యనవచ్చును. ముహూర్తము దగ్గరపడినకొలది ఆ మాట యనుటకు వానికి నోరు రాదు. రాత్రింబగళ్లు పని, రెట్టింపు కూలి, అడిగినంత అద్దె. తుదకు 1975 నవంబరులో క్విబెక్ రాష్ట్ర ప్రభుత్వము నగరము చేతినుండి పనిని తీసికొని, ప్రత్యేక సంస్థ నొకదానిని ఏర్పరచి తానే నడిపించవలసి వచ్చెను. అప్పటికి మిగిలినది ఎనిమిది మాసములు.

ఎట్టకేలకు నిర్ణీత దినముననే క్రీడలు ఆరంభమయినవి. ఇంగ్లండు రాణి ఎలిజబెత్ వచ్చి ప్రారంభించెను. వంగిన గోపురము సగము మాత్రమే లేచియుండెను, పైకప్పు లేనేలేదు. దక్షిణాఫ్రికా వివాదము కారణముగ ఇరువదికి మించిన దేశములు, ప్రధానముగ ఆఫ్రికా దేశములు, ఆటలను బహిష్కరించినవి. అయినను ఆటలు మాత్రము శోభాయమానముగ జరిగినవి. రుమేనియా దేశపు 14 ఏండ్ల బాలిక నాదియా కొమనేచి వ్యాయామ విద్యలో పదికి పది గుణములు పొందెను. అట్టి సంఖ్యను చూపుటకు వీలులేని గుణపట్టికపై 1.00 అని వెలిగినదట. గడ్డికి మారుగ కృత్రిమపు పచ్చికపై ఒలింపిక హాకీ తొలిసారిగ ఆడబడినది అచ్చటనే. అందు మన దేశమునకు దక్కినది ఏడవ స్థానము. ఆతిథ్యమిచ్చిన కెనడాకు ఒక్క స్వర్ణపతకమైనను రాలేదు. ఆగస్టు 1వ తేదీన క్రీడలు ముగిసినవి. లెక్కించినచో పదునారు దినముల పండుగ.

అటుపిమ్మట లెక్కలు తీసిరి. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రకటించిన అధ్యయనమున, లెక్కలు దొరకిన ఒలింపిక క్రీడలన్నియు అంచనాను మించినవేయని తేల్చిరి. అందు అగ్రస్థానము మాంట్రియల్‌దే: ధరల పెరుగుదలను మినహాయించినను, అంచనాకంటె నూటికి 720 వంతులు అధికము. అనగా నూరు రూపాయలనుకొన్న పని ఎనిమిదివందల ఇరువది రూపాయలు తినినది. 1980లో న్యాయమూర్తి ఆల్బర్ట్ మలూఫ్ విచారణ సంఘము తన నివేదికలో ఈ దుర్వ్యయమునకు ప్రధాన బాధ్యత డ్రాపోగారిదేయని నిష్కర్షగ చెప్పినది.

ఇపుడు పల్లెవారికి సంబంధించిన భాగమునకు వచ్చితిమి. ఆ ఋణమును ఎవరు తీర్చవలెను? నగరము తన వంతును గృహముల పన్నులలో చేర్చినది. మిగిలిన పెద్ద భాగము రాష్ట్రముపై పడినది. రాష్ట్ర ప్రభుత్వము 1976 మే నెలలో, అనగా ఆటలు ఇంకను మొదలుకాకమునుపే, పొగాకుపై ప్రత్యేకపు పన్ను విధించినది. క్విబెక్ రాష్ట్రము విశాలమైనది. మాంట్రియల్‌కు వందల మైళ్ల దూరమున అడవులలో కలప కొట్టువాడును, సముద్రతీరమున చేపలు పట్టువాడును, పొలము దున్నువాడును ఉందురు. వారిలో అనేకులు ఆ క్రీడారంగమును ఏనాడును చూచియుండరు. ఐనను సాయంకాలము పని ముగించి సిగరెట్టు వెలిగించినపుడెల్ల, వారు ఆ రంగమునకు చందా ఇచ్చుచునే యుండిరి. తండ్రి యిచ్చెను, పిదప కుమారుడిచ్చెను. ఆటలనాడు పుట్టిన శిశువునకు ముప్పది యేండ్లు నిండువరకు ఆ పన్నుచే ఆ ఋణము తీరుచునేయుండెను. తుది దశలో ఒక విచిత్రము జరిగెను. 2006 మే నెలాఖరున ప్రభుత్వము బహిరంగ స్థలములలో పొగత్రాగుటను నిషేధింపగా, పొగాకుపై వచ్చు రాబడి తగ్గి, ఋణవిముక్తి మరికొన్ని నెలలు వెనుకబడినది. తుదకు 2006 నవంబరులో చెల్లు చీటీ వ్రాయబడెను. వడ్డీలు, మరమ్మతులు కలుపుకొని ప్రజలిచ్చినది 150 కోట్ల డాలర్ల ప్రాంతము.

ఇది వినినపుడు నాకు మా యూరి జాతర యొకటి జ్ఞప్తికి వచ్చును. నా బాల్యమున ఒక సంవత్సరము మా పెద్దలు ప్రక్క యూరి జాతరను మించవలెనను పట్టుదలతో, పట్టణమునుండి దీపాలంకారములును, నాటక సమాజమును తెప్పించిరి. మూడు రాత్రులు మహావైభవము. నేనును ముందువరుసలో కూర్చుండి చూచినవాడనే. మరుసటి వారము లెక్కచూడగా చందాలు చాలలేదు. నాగలి కింతయని పంపకము వేసిరి. ఊరికి దూరముగనున్న మిట్టమీది పాలెములో ముదుసలి రైతొకడు, "అయ్యా! ఆ మూడు రాత్రులును నేను కోతకువచ్చిన చేనికి కాపలా యుంటిని. దీపముల వెలుగు ఆకాశమున కనబడినది గాని, ఆట కనబడలేదు. నా నాగలికి పంపకమేల?" అని యడిగెను. సభలో ఎవ్వరును బదులు చెప్పలేకపోయిరి. అతడు మాత్రము పంపకమిచ్చియే పోయెను. క్విబెక్ పల్లెల ధూమపాయి కథయు ఆ ముదుసలి రైతు కథయు ఒక్కటియే.

అప్పు తీరినది గదా, రంగము మిగిలినది గదా యని కొందరనవచ్చును. రంగము కథ కూడ వినుడు. గోపురమును పైకప్పును ముగియుటకు 1987వ సంవత్సరము పట్టినది. ముడుచుకొను ఆ కప్పు గాలికి చినుగుచుండుటచే, 1998లో దానిని తీసివేసి కదలని కప్పు వేసిరి. మరుసటి జనవరిలోనే మంచుబరువునకు అందు కొంత భాగము చినిగి క్రిందికి వచ్చెను. 1991లో 55 టన్నుల కాంక్రీటు దూలము ఊడిపడినది. దైవవశమున ఎవరికిని గాయము కాలేదు. అచట బేస్‌బాల్ ఆడుచుండిన జట్టు 2004వ సంవత్సరపు ఆటలు ముగియగానే నగరమునే విడిచి వాషింగ్టనుకు తరలిపోయెను. 2024 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వము కప్పును మార్చుటకు 87 కోట్ల డాలర్లు వెచ్చింతుమని ప్రకటించినది. కట్టడమును పడగొట్టుటకును మిక్కిలి వ్యయమగునని వారి లెక్క. ఏనుగును దానము పుచ్చుకొన్నవాడు దానిని మేపలేడు, తోలివేయలేడు. సొంత సొమ్ముతో కొని తెచ్చుకొన్నవాని బాధ అంతకంటె హెచ్చు.

అయితే న్యాయము తప్పరాదు. మాంట్రియల్‌కు ఆ క్రీడలవలన మేలు లేకపోలేదు. భూగర్భ రైలుమార్గము నగరపు తూర్పు భాగమునకు 1976 జూన్‌లో పొడిగింపబడినది. నాటినుండి నేటివరకు దానిలో జనము ప్రయాణము చేయుచునే యున్నారు. సైకిలు పందెములకు కట్టిన మందిరమును 1992లో జీవజంతు ప్రదర్శనశాలగ మార్చిరి. పిల్లలు గుంపులుగ వచ్చి చూచుచుందురు. ఇందులో ఒక సూత్రము స్పష్టముగ కనబడుచున్నది. ఆటలు రాకపోయినను నగరమునకు కావలసియుండినది నిలిచి ఫలమిచ్చినది. కేవలము ఆ పదునారు దినముల కొరకు కట్టినది కంఠపాశమైనది. స్పెయిను దేశమున బార్సిలోనా నగరము 1992లో ఒలింపిక క్రీడలు జరిపి ప్రశంసలందినదన్నచో కారణమిదియే. అచ్చటి పెద్దలు పాడుబడిన సముద్రతీరమును బాగుచేసి ప్రజలకందీయవలెనను తలంపును, చుట్టు రహదారుల తలంపును ముందే కలిగియుండి, క్రీడలను అందుకు నిమిత్తముగ వాడుకొనిరి. అచట ఊరికొరకు పండుగ; మాంట్రియల్‌లో పండుగ కొరకు ఊరు.

"క్రీడలవలన లక్షలమంది వత్తురు, వ్యాపారము పెరుగును, ఆ రాబడి ముందు ఈ ఖర్చెంత?" అను వాదమును పరిశీలింతము. దీనిని చెరువు దృష్టాంతముతో చెప్పిన తేలికగ తెలియును. చెరువులోనికి వచ్చిన నీరంతయు పొలమునకు పారదు, గండ్లున్నచో పోవును. ఇచట గండ్లు మూడు.

మొదటి గండి యిది. నగరవాసి ఆటకు చీటీ కొన్న రూపాయి ఆకాశమునుండి ఊడిపడినది కాదు. ఆట లేకున్న నాతడా రూపాయిని నాటకమునకో, బట్టలకో, పిండివంటలకో వెచ్చించియుండును. అంగడి మారినది గాని, ఊరి సొమ్ము పెరుగలేదు.

రెండవ గండి: పండుగ రద్దీకి జడిసి, మామూలుగ వచ్చువారు రారు. 2012 ఆగస్టులో లండను నగరమున ఒలింపిక క్రీడలు జరుగుచుండగా, ఆ మాసమున బ్రిటను దేశమునకు వచ్చిన విదేశీయుల సంఖ్య అంతకు ముందటి యేటి ఆగస్టుకంటె తక్కువగ నుండెను. వచ్చినవారు అధికముగ వెచ్చించిన మాట నిజమే. కాని క్రీడలతో సంబంధము లేని ప్రదర్శనశాలలు, నాటకశాలలు జనములేక బోసిపోయినవని వాపోయినవారు పలువురు.

మూడవ గండి: నగరమున వెచ్చించిన సొమ్ము నగరముననే యుండదు. గుత్తదారుడు పొరుగుదేశమువాడు కావచ్చును. పెద్ద పూటకూటిళ్ల యజమానులు మరియొక ఖండమున నుండవచ్చును. కూలికి వచ్చినవారును పని ముగియగానే తమ యూళ్లకు పోవుదురు. మిగులునది కట్టడము, దాని కాపలా, దాని మరమ్మతు.

ఈ సంగతులను గ్రహించిన ప్రజలు కొందరు ముందుగానే జాగ్రత్తపడిరి. అమెరికాలో డెన్వర్ నగరమునకు 1976వ సంవత్సరపు శీతకాల ఒలింపిక క్రీడలు లభించియుండగా, 1972 నవంబరులో కొలరాడో రాష్ట్ర ప్రజలు ఓటు వేసి, తమ పన్నుల సొమ్మును అందుకు వెచ్చింపరాదని తీర్మానించిరి. చేతికందిన గౌరవమును వలదనిరి. అవి ఆస్ట్రియా దేశమున ఇన్స్‌బ్రుక్ పట్టణమునకు పోయినవి. అచట 1964లో కట్టినవి సిద్ధముగ నుండెను.

మాంట్రియల్ గతిని చూచిన పిదప ఆతిథ్యమునకు ముందుకు వచ్చు నగరములే అరుదైనవి. 1984వ సంవత్సరపు క్రీడలకు తుదివరకు నిలిచినది లాస్ ఏంజిలీస్ ఒక్కటియే. పెండ్లికుమారుడొక్కడే యైనపుడు షరతులు వాడు చెప్పినట్లే సాగును. ఆ నగరపు ప్రజలు 1978లో ఓటువేసి, నగరపు సొమ్ము తిరిగి రాని విధముగ ఒలింపిక క్రీడలకు వ్యయము చేయరాదని నగర శాసనముననే వ్రాయించుకొనిరి. లోటు వచ్చినచో నగరము పూచీపడవలెనను నియమమును గూడ తప్పించుకొనిరి. పీటర్ యూబరాత్ అను వ్యాపారి యధ్యక్షతన ఒక ప్రైవేటు సంఘము ఆ క్రీడలను నడిపినది. 1932లో అదే నగరమున ఒలింపిక క్రీడలు జరిగిన పాత రంగమునే ప్రధాన రంగముగ వాడుకొనిరి. క్రీడాకారులను విశ్వవిద్యాలయముల విద్యార్థి వసతి గృహములలో నుంచిరి. క్రొత్తగ కట్టవలసిన ఈత కొలనునకు, సైకిలు రంగమునకు వ్యాపారసంస్థలు ధనమిచ్చినవి. మాంట్రియల్ క్రీడలను చూపు హక్కునకు రెండున్నర కోట్ల డాలర్లిచ్చిన అమెరికా టెలివిజను సంస్థయే, లాస్ ఏంజిలీస్ క్రీడలకు 22 కోట్ల 50 లక్షలిచ్చినది. తుదకు 22 కోట్ల డాలర్లకు మించిన మిగులు వచ్చెను. అందు ఒక భాగముతో ఏర్పడిన నిధి నేటికిని ఆ ప్రాంతపు బాలబాలికల క్రీడాశిక్షణకు తోడ్పడుచున్నది. మన పి.టి. ఉష సెకనులో నూరవవంతు తేడాతో కాంస్యపతకమును పోగొట్టుకొన్నది ఆ క్రీడలలోనే.

చూచితిరా? మాంట్రియల్ పెద్దలు మూఢులు కారు. లాస్ ఏంజిలీస్ పెద్దలు దేవతలును కారు. ఒకరు క్రొత్త యిల్లు కట్టుచు పెండ్లి చేసిరి; మరియొకరు ఉన్న యింటికి సున్నము కొట్టించి పెండ్లి చేసిరి. భేదమంతయు నింతియే.

మన దేశమునకును ఈ యనుభవము క్రొత్తది కాదు. ఢిల్లీలో 1982లో ఆసియా క్రీడలు జరిగినవి. అప్పుడు కట్టిన పై వంతెనలు నగరమునకు ఉపకరించినవి. 2010 అక్టోబరులో అచటనే కామన్వెల్తు క్రీడలు జరిగినపుడు వ్యయము తొలి యంచనాకు పదిరెట్లకు మించినదని మరుసటి యేడు ప్రభుత్వ లెక్కల పరిశోధనాధికారి నివేదిక తేటతెల్లము చేసినది. మన హైదరాబాదు నగరమున 2002 డిసెంబరులో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగినవి. గచ్చిబౌలిలో విశాలమైన క్రీడాప్రాంగణమేర్పడినది. ఆ ప్రాంగణములోని బహుళ అంతస్తుల భవనమును 2020లో మహమ్మారి ప్రబలినపుడు ప్రభుత్వము వైద్యశాలగ మార్చినది. ఆపదలో అది యక్కరకు వచ్చినందుకు సంతోషింపవలసినదే. కాని క్రీడలకని కట్టినది చికిత్సకు వాడవలసి వచ్చుట మంచి యాలోచనకు ఫలమో, అదృష్టమునకు ఫలమో పెద్దలే నిర్ణయింపగలరు.

పండుగలు వలదని నా యభిప్రాయము కాదు. ముప్పూటల తిండికి లెక్క చూచుకొనువాడును బిడ్డ పెండ్లికి వాకిట పందిరి వేయించును. పండుగలేని ఊరు ఊరు కాదు. ప్రపంచములోని యువకులు మన నేలపై పరుగెత్తుట మనకును గర్వకారణమే. ఆ సంతోషమునకు వెలయున్నది. వెల యిచ్చి కొనవచ్చును. ఐతే వెలను సంతోషమని ఒప్పుకొని కొనవలెను గాని, లాభమని చెప్పి కొనిపింపరాదు.

కావున అట్టి మహోత్సవము మన దేశమునకు వచ్చుననునపుడు, నగరముననున్నవారే గాక పల్లెల పెద్దలును అడుగవలసిన ప్రశ్నలు నాలుగు కలవు. ఈ కట్టడము పండుగ లేకపోయినను మనకు కావలసినదేనా? పండుగ మరునాడు దీనిని ఎవరు వాడుకొందురు, ఎవరు మరమ్మతు చేయింతురు? ఉన్నదానిని బాగుచేసి వాడుకొనుటకు వీలున్నదా? లోటు వచ్చినచో పత్రముపై చేవ్రాలు చేయునది ఎవరు, తీర్చునది ఎవరు? ఈ నాలుగింటికిని ముహూర్తము నిశ్చయింపకముందే బదులు రావలెను. నిశ్చయమైన పిదప అడిగిన ప్రశ్నకు విలువ లేదు. అప్పుడు పందిరివాడు చెప్పినదే ధర.

మా యూరి ముదుసలి రైతు అడిగిన ప్రశ్నకు నాడు మా పెద్దలు బదులు చెప్పలేకపోయిరి. ఆ ప్రశ్నను జాతరకు ముందే అడుగుటకు అతనిని సభకు పిలిచియుండినచో, దీపములు కొన్ని తగ్గియుండును. పంపకము వేయవలసిన పని యుండెడిది కాదు. జాతర మాత్రము జరిగియే యుండును.